కంటి రిపోర్టు, చెవి రిపోర్టు: ఒక కోగన్ సిండ్రోమ్ కేసు

రిఫరల్ చీటీలో ఉన్నది ఇంతే: "కుడి చెవి వినికిడి తగ్గింది, తల తిరుగుడు, వాంతులు. మెనియర్స్ అనుమానం." మెనియర్స్ అంటే తల తిరుగుడు, చెవిలో హోరు, వినికిడి తగ్గడం వచ్చిపోతుండే లోపలి చెవి జబ్బు. పేషెంటు ముప్పై ఏళ్లలోపు మహిళ. బీపీ, షుగర్ లేవు. చెవికి దెబ్బ తగిలిందీ లేదు, పెద్ద శబ్దాల మధ్య పనిచేసిందీ లేదు. నేను ఈఎన్‌టీ డాక్టర్ని కాబట్టి చెవి సమస్యగానే నా దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు ఫైళ్లున్నాయి, కంటిదొకటి, చెవిదొకటి. రెండింటిలోనూ పరీక్షలు పద్ధతిగానే చేశారు. కాకపోతే ఆ రెండూ ఒకే బల్ల మీద ఎప్పుడూ పడలేదు.

కంటి డిపార్ట్‌మెంటు వాళ్లకు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్, ఇస్తే గీతలు చూసి పక్కన పెట్టేస్తారు. మావాళ్లకు స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే యంత్రం) నోట్స్ ఇచ్చినా అంతే. అందుకే ఈ కేసు రాసేటప్పుడు రెండు వైపుల మాటలూ విప్పి చెబుతున్నాను. పేషెంటును గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

ఆమె చెప్పింది

మొదట ఎర్రబడ్డది కళ్లు. రెండూ ఒకేసారి. నొప్పి, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం. కండ్లకలక అనుకుని యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. కలక అయితే పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అతుక్కుంటాయి. ఆమెకు ఆ లక్షణం ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా నొప్పి, వెలుతురు పడకపోవడం. వెలుతురు పడకపోతే కలక కన్నా ముందు కార్నియానీ (నల్లగుడ్డు మీది పారదర్శక పొర), కంటి లోపలి వాపునూ అనుమానించాలని మెడిసిన్‌లో అందరం చదువుకున్నదే.

కొన్ని వారాలకు ఒకరోజు పొద్దున్నే గది గిర్రున తిరిగింది. గంటల తరబడి వాంతులు. కుడి చెవిలో హోరు. ఆ తిరుగుడు తగ్గాక చూసుకుంటే కుడి చెవికి ఫోన్ పెట్టుకుంటే మాట వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదు. అప్పుడు తీసిన ఆడియోగ్రామ్‌లో కుడి చెవి దెబ్బతింది, ఎడమ చెవి మామూలుగా ఉంది. మెనియర్స్ అనే మాట ఫైల్లోకి ఎక్కింది అప్పుడే. ఆ రోజుకు అది తప్పుడు అనుమానమేమీ కాదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఇంకో రెండు విషయాలు చేరాయి. ఒకటి ఆమె భర్త చెప్పారు: "ఈమధ్య ఎడమవైపు నుంచి పిలిచినా పలకడం లేదండీ." రెండోది ఆమే చెప్పింది, అదీ వెళ్లబోతూ అడిగినట్టు అడిగింది.

"డాక్టర్ గారూ, నడుస్తుంటే బోర్డుల మీద అక్షరాలు ఊగుతున్నాయండీ. ఆగి చూస్తే బాగానే కనిపిస్తాయి. కళ్లద్దాలు మార్చినా తగ్గలేదు. ఇది కూడా మీకే చెప్పాలా, కంటి డాక్టర్ గారికి చెప్పాలా?"

"నాకే చెప్పాలమ్మా. కూర్చోండి" అన్నాను.

కదిలినప్పుడు మాత్రమే చూపు ఊగితే దాన్ని ఆసిలాప్సియా అంటారు. ఫిర్యాదు కంటి గురించే అయినా జబ్బు చాలాసార్లు లోపలి చెవిలో ఉంటుంది. తల ఎటు కదిలితే దానికి ఎదురుగా కళ్లు కదిలి చూపును నిలబెట్టాలి. ఈ పని చేయించేది లోపలి చెవిలోని అర్ధవలయ నాళాలు. అక్కడ బయలుదేరిన సంకేతం సెకనులో వందో వంతు అయ్యేలోపే కంటి కండరాలకు అందుతుంది. దీన్నే వెస్టిబ్యులో ఆక్యులర్ రిఫ్లెక్స్ అంటారు. ఒక చెవి పోతే రెండో చెవి కొంతవరకు సర్దుకుంటుంది. రెండూ దెబ్బతింటే సర్దుకోవడానికి ఇంకో చెవి లేదు కదా, అడుగు వేసినప్పుడల్లా ఎదురుగా ఉన్నది ఊగుతుంది. ఒక్క చెవి మెనియర్స్ అని చీటీ రాసుకొచ్చిన మనిషి అక్షరాలు ఊగుతున్నాయంటే ఎడమ చెవి సంగతి కూడా చూడాల్సిందే.

కంటి ఫైల్లో ఏముంది

చూపు కుడి కంటికి 6/12, ఎడమ కంటికి 6/9. మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివే వరుసను ఈమె 6 మీటర్లకు వస్తే గానీ చదవలేదని 6/12కి అర్థం. పిన్‌హోల్ పెట్టినా మెరుగుపడలేదని రాశారు. సన్నని రంధ్రంలోంచి చూస్తే చూపు బాగుపడితే అది అద్దాల లోపం. బాగుపడకపోతే కార్నియా, లెన్స్, రెటీనా, నరం, వీటిలో ఎక్కడో అడ్డుంది. అద్దాలు మార్చినా ఎందుకు లాభం లేకపోయిందో ఈ ఒక్క లైనులోనే తెలిసిపోతోంది.

ఎరుపు గురించి "సర్కమ్‌కార్నియల్ కంజెషన్" అని ఉంది. అంటే నల్లగుడ్డు అంచు చుట్టూ వలయంలా ఎర్రబడటం. కలకలో ఎరుపు రెప్పల లోపలి మడతల వైపు ఎక్కువగా ఉండి నల్లగుడ్డు దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. ఇక్కడ దానికి తిరగబడి ఉంది.

స్లిట్ ల్యాంప్ నోట్స్‌లో అసలు విషయం ఉంది. కార్నియా అంచుల దగ్గర, పై పొర కిందనే, స్ట్రోమా (కార్నియా మందమైన మధ్య పొర) ముందు భాగంలో, నాణేల్లా గుండ్రంగా మసక మచ్చలు. ఫ్లోరసీన్ అనే రంగు చుక్క వేస్తే రంగు పట్టలేదు. రంగు పట్టలేదంటే పై పొర, అంటే ఎపిథీలియం, చెక్కుచెదరలేదన్నమాట. కాబట్టి ఇది పుండు కాదు, హెర్పిస్ వైరస్ వేసే కొమ్మల ఆకారపు గాయం కూడా కాదు. పై పొర బాగుండి లోపలి స్ట్రోమా వాస్తే ఇంటర్‌స్టీషియల్ కెరటైటిస్ అంటారు. ఈ మసక మచ్చలు తొలిదశలో వైరల్ కలక తర్వాత మిగిలే మచ్చల్లాగే ఉంటాయి, అందుకే ఇక్కడ పొరపాటు పడటానికి అవకాశం ఎక్కువ. కంటి డాక్టరు "వైరల్?" అని ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఆ ప్రశ్నార్థకం నాకు చాలా పనికొచ్చింది. ఖాయం చేసి రాసి ఉంటే నేను ఆ లైను దాటి పోయేవాడిని.

కంటి ముందు గదిలో, అంటే కార్నియా వెనక ద్రవముండే చోట, కణాలు 1+. స్లిట్ ల్యాంప్ కాంతిని ఒక మిల్లీమీటర్ పొడవు, ఒక మిల్లీమీటర్ వెడల్పుకు కుదించి చూస్తే ఆ వెలుగులో 6 నుంచి 15 కణాలు కనిపిస్తే 1+ అంటారు. లోపల కొద్దిపాటి వాపు ఉంది. కంటి ఒత్తిడి కుడి 14, ఎడమ 15 మి.మీ. పాదరసం. మామూలే. ఫండస్, అంటే కంటి లోపలి వెనక భాగం, రెండు వైపులా నార్మల్. ఈ "నార్మల్" అనే మాట తర్వాత రెండు పెద్ద జబ్బుల్ని కొట్టేయడానికి ఉపయోగపడింది.

చీటీ గురించి చిన్న పక్కమాట. చుక్కల పేరు పక్కన "ఓడీ" అని రాసి ఉంది. కంటివాళ్ల భాషలో అది కుడి కన్ను. మిగతా డాక్టర్లందరి చీటీల్లో రోజుకోసారి. ఆమె రోజుకోసారి చొప్పున రెండు కళ్లలోనూ వేసుకుంది. చెవివాళ్లు రాసే "ఏడీ" (కుడి చెవి), "ఏఎస్" (ఎడమ చెవి) కూడా చేతిరాతలో కంటివాళ్ల "ఓడీ", "ఓఎస్" (ఎడమ కన్ను)లా చదువుకునే ప్రమాదం ఉంది. కుడి కన్ను, ఎడమ చెవి అని పూర్తిగా రాస్తే పోయేదేమీ లేదు.

చెవి పరీక్ష

ఓటోస్కోప్‌తో చూస్తే రెండు కర్ణభేరులూ శుభ్రంగా ముత్యపు రంగులో ఉన్నాయి. గుబిలి లేదు, చీము లేదు, రంధ్రం లేదు. టింపనోగ్రామ్ రెండు వైపులా ఎ టైప్. అంటే మధ్య చెవిలో గాలి ఒత్తిడి, కర్ణభేరి కదలిక మామూలుగా ఉన్నాయి. ఇక్కడిదాకా చెప్పుకోవాల్సింది ఇంతే.

512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్. రిన్నే పరీక్ష రెండు వైపులా పాజిటివ్. పాజిటివ్ అనగానే పేషెంట్లు ఉలిక్కిపడతారు గానీ, చెవి వెనక ఎముక మీద పెట్టినప్పటి కన్నా చెవి ముందు గాలిలో పట్టుకున్నప్పుడు బాగా వినిపించిందనే దాని అర్థం. మామూలు చెవిలోనూ అంతే, నరం వైపు చెవుడులోనూ అంతే. వెబర్ పరీక్షలో ఫోర్కును నుదుటి మధ్య పెడితే శబ్దం ఎడమవైపుకు పోయింది. నరం వైపు చెవుడులో వెబర్ మెరుగ్గా ఉన్న చెవికి పోతుంది, మధ్య చెవి లోపమైతే లోపమున్న చెవికే వస్తుంది. ఎర్నెస్ట్ వెబర్ 1834లో, అడాల్ఫ్ రిన్నే 1855లో వివరించిన పరీక్షలివి. ఇప్పటికీ ఆడియోగ్రామ్ గది ఖాళీ అయ్యేలోపు సగం సమాధానం ఇవే చెప్పేస్తాయి. అయితే వెబర్ పోలిక మాత్రమే చెబుతుంది. ఎడమ మెరుగు అంటుందే తప్ప ఎడమ బాగుందని అనదు.

ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్‌లో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర కుడి చెవి 55, 55, 60, 65 డెసిబెల్స్. ఎడమ చెవి 40, 40, 50, 55. ఎముక ద్వారా వినే గీత గాలి ద్వారా వినే గీతకు అంటిపెట్టుకునే ఉంది, రెంటికీ మధ్య ఖాళీ లేదు. కాబట్టి లోపం కాక్లియాలోనో (లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగం) నరంలోనో ఉంది. నాలుగు అంకెల సగటు కుడికి 59, ఎడమకు 46. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు వాడుతున్న కొలత ప్రకారం 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 50 నుంచి 65 లోపు మధ్యస్థం దాటి తీవ్రం వైపు.

పాత ఆడియోగ్రామ్‌ను దీని పక్కన పెట్టాను. అందులో ఎడమ చెవి గీత 15 డెసిబెల్స్ దగ్గర అడ్డంగా, సమంగా సాగిపోయింది. కొద్ది వారాల్లో ఆ చెవి పాతిక డెసిబెల్స్‌కు పైగా పడిపోయింది. మెనియర్స్ సాధారణంగా ఒక చెవితో మొదలై, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పడుతూ లేస్తూ, రెండో చెవికి వెళ్తే గిళ్తే ఏళ్ల తర్వాత వెళ్తుంది. ఇంత తొందర దానికి ఉండదు. వారాల్లో, నెలల్లో రెండు చెవులూ కుంగిపోతుంటే శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే లోపలి చెవి మీద పడుతోందేమో అని ఆలోచించాలి. మాట అర్థమయ్యే శాతం కుడి చెవికి 48, ఎడమకు 72. వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదని ఆమె అన్నమాటే ఇక్కడ అంకెగా వచ్చింది.

ఇక ఆ ఊగే అక్షరాలు. ఆమెను నా ముక్కు వైపే చూస్తూ ఉండమని, తలను రెండు చేతులతో పట్టుకుని కొద్ది కోణంలో చటుక్కున తిప్పాను. ఎటు తిప్పబోతున్నానో ముందే పసిగట్టకుండా మధ్యమధ్యలో ఆగుతూ చేయాలి. కుడివైపు తిప్పినప్పుడు కళ్లు నా ముక్కును వదిలేసి తలతో పాటే వెళ్లి, మరుక్షణం గెంతి వెనక్కి వచ్చాయి. ఆ గెంతునే క్యాచప్ సక్కాడ్ అంటారు. ఎడమవైపు కూడా గెంతు ఉంది, చిన్నది, ఓపిగ్గా చూస్తేనే కనబడేది. హల్మాగి, కర్తోయ్స్ 1988లో వివరించిన హెడ్ ఇంపల్స్ పరీక్ష ఇదే. యంత్రం అక్కర్లేదు, మెడ నొప్పి లేదని ముందు అడిగితే చాలు. ఎడతెగకుండా తల తిరుగుతున్న మనిషిలో ఈ పరీక్ష నార్మల్‌గా వస్తేనే ఎక్కువ భయపడాలి. అప్పుడు లోపం చెవిలో కాదు, మెదడులో స్ట్రోక్ ఉండొచ్చు. ఈమెలో అబ్‌నార్మల్‌గా రావడం ఆ రకంగా ఊరట.

తర్వాత ఆమెను చూపు చార్టు ముందు కూర్చోబెట్టి, కదలకుండా చదివించాం. ఆపైన మా ఆడియాలజిస్ట్ ఆమె తలను సెకనుకు రెండుసార్లు చొప్పున అటూ ఇటూ ఆడిస్తుంటే మళ్లీ చదివించాం. నాలుగు వరుసలు పోయాయి. ఒకటి రెండు వరుసలు ఎవరికైనా పోతాయి. మూడు, అంతకు మించి పోతే లోపలి చెవి చూపును నిలబెట్టలేకపోతోందని అర్థం. చెవి జబ్బును చూపు చార్టు మీద చూడొచ్చని ఆ రోజు గదిలో ఉన్న ట్రైనీలకు బాగా పట్టింది. నీళ్లతో చేసే కెలోరిక్ పరీక్ష, అంటే 30, 44 డిగ్రీల నీళ్లు చెవిలోకి పంపి కళ్ల కదలికను కొలవడం, తర్వాత చేశాం. కుడివైపు స్పందన దాదాపు లేదు, ఎడమవైపు తగ్గింది.

రెండు ఫైళ్లూ కలిపితే

ఇంటర్‌స్టీషియల్ కెరటైటిస్ ఒక ఫైల్లో. రెండు చెవుల్లోనూ వేగంగా పడిపోతున్న వినికిడి, బ్యాలెన్స్ లోపం ఇంకో ఫైల్లో. ఈ జత కనిపిస్తే మొదట కొట్టేయాల్సింది సిఫిలిస్‌ను. పుట్టుకతో వచ్చిన సిఫిలిస్‌లో పెద్దయ్యాక కూడా కనిపించే హచిన్సన్ త్రయంలో రెండు ఇవే: ఇంటర్‌స్టీషియల్ కెరటైటిస్, నరం చెవుడు. మూడోది అంచున గంటు పడ్డ ముందరి పళ్లు. పళ్లు చూశాను, బాగున్నాయి. రక్తపరీక్షల్లో వీడీఆర్‌ఎల్ ఒక్కటే రాయలేదు, టీపీహెచ్‌ఏ కూడా రాశాను. రెండూ సిఫిలిస్ పరీక్షలే, కానీ పాతబడ్డ సిఫిలిస్‌లో వీడీఆర్‌ఎల్ నెగెటివ్ రావచ్చు. రెండూ నెగెటివ్ వచ్చాయి.

తర్వాతి అనుమానాలు ఫండస్ దగ్గర తేలిపోయాయి. వోగ్ట్ కొయనాగి హరాడా జబ్బులో చెవి, కన్ను రెండూ దెబ్బతింటాయి గానీ కంటి వాపు వెనక భాగంలో ఎక్కువ, రెటీనా కింద నీరు చేరుతుంది. సూసాక్ సిండ్రోమ్‌లో రెటీనా ధమని కొమ్మలు మూసుకుపోతాయి, మెదడు ఎంఆర్‌ఐలో కార్పస్ కల్లోజమ్ (మెదడు రెండు సగాలను కలిపే కట్ట) నడిమధ్యన మచ్చలుంటాయి. ఈమె ఫండస్ నార్మల్, ఎంఆర్‌ఐలో మెదడు నార్మల్, చెవి నరం మీద గడ్డ లేదు. కాంట్రాస్ట్ ఇచ్చాక మాత్రం కుడి లోపలి చెవి కొద్దిగా వెలిగింది, అంటే అక్కడ వాపు చురుగ్గా ఉంది. రక్తనాళాల వాపు జబ్బుల కోసం చేసే ఆంకా పరీక్ష నెగెటివ్, ఛాతీ ఎక్స్‌రే శుభ్రం. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరిగి ఉన్నాయి, అంటే ఒంట్లో ఎక్కడో వాపు ఉంది.

మిగిలింది కోగన్ సిండ్రోమ్. అమెరికన్ కంటి వైద్యుడు డేవిడ్ కోగన్ 1945లో, సిఫిలిస్ లేకుండా వచ్చే ఇంటర్‌స్టీషియల్ కెరటైటిస్‌తో పాటు చెవి, బ్యాలెన్స్ లక్షణాలున్న రోగుల గురించి రాశారు. చాలా అరుదు, ఎక్కువగా యువతీయువకుల్లో వస్తుంది. ఇదీ అని తేల్చే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. కన్ను, చెవి లక్షణాలు రెండూ ఉండి, మిగతావి కొట్టేస్తేనే నిర్ధారణ. కాబట్టి రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఫోన్ కాల్ ఒకటి తప్పనిసరి. కంటి డాక్టర్ గారికి ఫోన్ చేసి ఆడియోగ్రామ్ అంకెలు చదివితే, ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఆమెను రేపే పంపండి, మచ్చలు మళ్లీ చూస్తాను" అన్నారు. మర్నాడు చూస్తే కుడి కార్నియా అంచు నుంచి స్ట్రోమాలోకి సన్నని కొత్త రక్తనాళాలు పాకుతున్నాయి. "వైరల్?" కొట్టేసి సంతకం పెట్టారు.

ఈ జబ్బులో అందరూ మర్చిపోయే మూడో అవయవం గుండె. కొందరిలో బృహద్ధమని గోడ వాచి, ఏయోర్టిక్ కవాటం కారడం మొదలవుతుంది. అందుకే రెండు చేతుల బీపీ, నాడి చూశాం, గుండెకు ఎకో స్కానింగ్ తీయించాం. బాగానే ఉన్నాయి. మళ్లీ మళ్లీ చూడాల్సిన సంగతి మాత్రం ఫైల్ అట్ట మీదే రాసిపెట్టాను.

వైద్యం, ఆ తర్వాత

కంటికి ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం చుక్కలు, కంటిపాపను విప్పి నొప్పి తగ్గించే చుక్కలు. స్టెరాయిడ్ చుక్కలతో కంటి ఒత్తిడి పెరగొచ్చు కాబట్టి విజిట్‌కోసారి కొలత. కన్ను చుక్కలకే లొంగింది, కొన్ని వారాలకు చూపు రెండు వైపులా 6/6కి వచ్చింది.

చెవికి చుక్కలు చాలవు. నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్, కిలో బరువుకు 1 మి.గ్రా. చొప్పున. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు, షుగర్ చూశాం. ఇక్కడ ఆలస్యం పనికిరాదు, పరీక్షలు వదిలేయడమూ పనికిరాదు, అన్నీ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోవాలి. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆడియోగ్రామే చెప్పాలి. "ఇప్పుడు బాగా వినిపిస్తోందండీ" అని పేషెంటు సంతోషంగా చెప్పడం ఒక్కటే కొలత కాదు. స్టెరాయిడ్ ఇస్తే మనసు కూడా హుషారవుతుంది.

ఎడమ చెవి సగటు 46 నుంచి 28కి వచ్చింది. కుడి చెవి కదల్లేదు. మోతాదు తగ్గిస్తుండగా ఎడమ చెవి మళ్లీ పడబోతే స్టెరాయిడ్ మళ్లీ పెంచి, రుమటాలజీ వాళ్ల సలహాతో రోగనిరోధక వ్యవస్థను అణిచే మెథోట్రెక్సేట్ చేర్చాం. ఆ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలన్నది చీటీ మీద పూర్తి అక్షరాలతో రాసి, ఆమెతో చదివించి, భర్తతో కూడా చదివించాను.

బ్యాలెన్స్ కోసం ఫిజియోథెరపీ పెట్టాం. గోడ మీద ఒక అక్షరం అంటించి, దాన్నే చూస్తూ తల ఆడించడం, రోజుకు కొన్నిసార్లు, కొద్దిసేపు చొప్పున. మొదట్లో వికారం వస్తుంది, చాలామంది అక్కడే మానేస్తారు. ఆమె మానలేదు. కొన్ని నెలలకు చార్టు మీద పోయే వరుసలు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి. చీకట్లో, మెత్తటి నేల మీద ఇప్పటికీ తూలుతుంది. అది పూర్తిగా పోకపోవచ్చని ముందే చెప్పాం.

కుడి చెవి తర్వాత వచ్చిన ఇంకో దాడిలో పూర్తిగా పోయింది. వినికిడి మిషన్‌తో లాభం లేని స్థాయి. ఈ జబ్బులో దెబ్బతినేది ఎక్కువగా లోపలి చెవే, నరం చాలావరకు మిగిలే ఉంటుంది, కాబట్టి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే కాక్లియాలో ఎలక్ట్రోడ్ పెట్టి నరానికి నేరుగా సంకేతం పంపే పరికరం, బాగా పనిచేస్తుంది. అయితే వాపు తగ్గాక కాక్లియా లోపల పీచు కణజాలం, ఎముక పేరుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ఎలక్ట్రోడ్ లోపలికి దిగదు. అందుకే ఎంఆర్‌ఐలో కాక్లియా ద్రవం ఇంకా తెల్లగా కనిపిస్తుండగానే కుడివైపు ఇంప్లాంట్ పెట్టించాం. ఎలక్ట్రోడ్ పూర్తిగా దిగింది. స్విచ్ ఆన్ చేసిన కొత్తలో అందరి గొంతులూ కీచుగా ఉన్నాయంది. కొన్ని నెలలకు కుడి చెవితో ఫోన్‌లో మాట్లాడగలిగింది.

ఎడమ చెవి ప్రస్తుతం 30 డెసిబెల్స్ దగ్గర నిలకడగా ఉంది. స్టెరాయిడ్ ఆగింది, మెథోట్రెక్సేట్ నడుస్తోంది. ఆడియోగ్రామ్ మూడు నెలలకోసారి, స్లిట్ ల్యాంప్ ఆరు నెలలకోసారి, ఎకో ఏడాదికోసారి. ఎడమ చెవిలో కొత్తగా హోరు మొదలైనా, కన్ను ఎర్రబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వచ్చేయమన్నాం. ఎడమ చెవికి కూడా ఇంప్లాంట్ అవసరం పడితే ముందు తీయాల్సిన ఎంఆర్‌ఐ కోసం, కుడివైపు ఇంప్లాంట్ మోడల్, దానితో ఎంత బలమున్న అయస్కాంతం దాకా స్కానింగ్ చేయొచ్చన్న కార్డు ఆమె పర్సులో ఉంది, దాని కాపీ మా దగ్గరా ఉంది.